నీలం వైరు

ప్లీడరు గారి డ్రైవరు కారులోనే కాపురం పెట్టాడట. మధ్యాహ్నం పూట సీటు వెనక్కి వాల్చుకుని, కాళ్ళు బారజాపుకుని రేడియోలో పాటలు వింటాడట. ఆ పాటల పుణ్యమా అని నెలలో రెండుసార్లు బ్యాటరీ చచ్చిందట. ఈ మాట ప్లీడరు గారింట్లో గిన్నెలు తోమే మనిషి పక్కింటి ఇస్త్రీ ఆవిడతో అంది. ఇస్త్రీ ఆవిడ గోడ మీదుగా అత్తతో అంది. అత్త దాన్ని అట్టే నిలవ ఉంచకుండా వేడివేడిగా కోడలికి తెచ్చి పెట్టింది.

"కాళ్ళు బారజాపుకోవడం ఎవరు చూశారత్తా?" అంది కోడలు, ఒక హారను విప్పి లోపలి తుప్పు గీకుతూ.

"చూడటమెందుకే? ముప్పొద్దులా తలొంచుకుని తిరిగేవాడు ఎక్కడో ఒకచోట కాళ్ళు చాపాలి కదా."

"నువ్వు కోర్టులో ఉండాల్సిన మనిషివి."

"ఉంటే ఆ ప్లీడరుకి అన్నం దొరికేది కాదు," అంది అత్త, ఏమాత్రం నవ్వకుండా.

కార్ల కరెంటు పని చేసే ఆ కోడల్ని వీధంతా టెస్టరు అంటారు. పని చేసేటప్పుడు టెస్టరును ముడిలో గుచ్చుకుంటుంది. దువ్వెన మరిచిపోయిన రోజులున్నాయి గానీ, టెస్టరు మరిచిపోయిన రోజు లేదు. పని తండ్రి దగ్గర నేర్చుకుంది. కొట్టు మాత్రం అత్తవారింటి ముందుగదిలో పెట్టింది.

అత్త నోట్లో ఆ మాట ఇంకా ఆరకముందే, ఎవరి గురించి అనుకున్నారో ఆయనే గుమ్మంలో నిలబడ్డాడు. హారను బాబాయ్. పదకొండేళ్ళుగా ప్లీడరు గారి కారు నడుపుతూ ఎవరి మీదా హారను కొట్టని మనిషి కాబట్టి ఆ పేరు. కుక్క అడ్డం పడుకుంటే దిగి, దాన్ని బతిమాలి లేపుతాడని చెప్పుకుంటారు.

"అమ్మాయ్, సారు రమ్మన్నారు. యాంటెన్నా లేవటం లేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల దాటింది."

"నెల నుంచి లేనిది ఇప్పుడేం ముంచుకొచ్చింది బాబాయ్?"

ఆయన అత్త వంక చూశాడు. అత్త లోపలికి పోయింది గానీ, తలుపు అవతల గాజుల చప్పుడు ఆగిపోయింది. ఆయన గొంతు తగ్గించాడు.

"శనివారం దాకా గడువిచ్చారు. అది లేస్తే నన్ను పట్టుకుంటారట. లేవకపోతే నేనే పాడుచేశానని పంపించేస్తారట."

"ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నమాట."

"నుయ్యే నయం. నీళ్ళన్నా ఉంటాయి," అన్నాడాయన.

ప్లీడరు గారి కారు వయసు పాతికేళ్ళ పైమాటే. మీగడ రంగు, వెనక కుడివైపు రెక్కలో కమ్మీలాంటి యాంటెన్నా. రేడియో పెడితే లోపలి మోటారు తిరిగి, కమ్మీ ముక్క మీద ముక్కగా పైకి లేస్తుంది. రేడియో ఆపితే దిగి రెక్కలో దాక్కుంటుంది. కొన్న కొత్తలో ఆ కమ్మీ లేవడం చూడటానికే వీధి పిల్లలు గుమిగూడేవారట.

కారు ఇంటి పక్క రేకుల కింద, ముక్కు లోపలికి, తోక బయటికి పెట్టి ఉంది. ప్లీడరు గారు పైగది కిటికీ దగ్గరే ఉన్నారు. దిగి రాలేదు. అక్కడి నుంచే వాదన మొదలుపెట్టారు.

"ఇటు చూడు. ఇక్కణ్ణుంచి నాకు కారులో ఎవరున్నారో కనపడదు. రేకు అడ్డం. కానీ కమ్మీ కనపడుతుంది. కమ్మీ లేచిందంటే రేడియో మోగుతున్నట్టు. రేడియో మోగుతోందంటే లోపల ఎవడో ఉన్నట్టు. అర్థమైందా?"

"అయిందండి."

"నెల కింద ఒక మధ్యాహ్నం లేచి ఉంది. కిందికొచ్చేసరికి కారు ఖాళీ. ఇతన్ని అడిగితే నేను కాదన్నాడు. ఆ మర్నాటి నుంచి లేవడమే మానేసింది. ఇంత తెలివి కమ్మీకి ఉంటుందా?"

డ్రైవరు గోడవారగా నిలబడి చేతిలోని తుడుపుగుడ్డను మడత పెడుతున్నాడు. నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు.

టెస్టరు తాళం తిప్పి రేడియో పెట్టింది. గరగరల మధ్య ఎవరో వాతావరణం గురించి చెబుతున్నారు. వెనక్కి వెళ్ళి రెక్కకు చెవి ఆనించింది. లోపల ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫ్యూజు తీసి వెలుతురుకు పెట్టి చూసింది. బాగానే ఉంది. డిక్కీ తెరిచి, పక్క అట్ట విప్పి, మోటారు దగ్గరికి చెయ్యి దూర్చింది. చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టిన దీపం ఆమె సంచిలో ఎప్పుడూ ఉంటుంది. ఒక కొస కారు ఒంటికి తగిలించి, రెండో కొస ఎర్ర వైరుకు తాకించింది. బల్బు వెలిగింది. పక్కనున్న నీలం వైరుకు తాకించింది. వెలగలేదు.

"అన్నం అందుతోంది," అంది తనలో తాను. "పిలుపే అందటం లేదు."

రేడియో పెట్టగానే లేవమని మోటారుకు చెప్పేది ఆ నీలం వైరే. అది రేడియో వెనక నుంచి బయల్దేరుతుంది. ఆమె ముందు సీట్లోకి వంగి, డాష్‌బోర్డులోంచి రేడియోను నెమ్మదిగా లాగింది. దాని వెనక వైర్ల కట్టలో నీలం వైరు తెగి ఉంది. తెగలేదు, ఎవరో కోశారు. ఎలుక కొరికితే పీచుపీచుగా ఉంటుంది. ఇది కత్తెర కోత. కోసిన కొసకు, ఇంకో వైరుకు తగలకుండా, చిన్న ప్లాస్టరు ముక్క చుట్టి ఉంది. కూరలు తరిగేటప్పుడు వేలు తెగితే వేసుకుంటామే, ఆ ప్లాస్టరు.

"మంచినీళ్ళు తాగుతావా అమ్మా?"

అమ్మగారు. ప్లీడరు గారి భార్య. గ్లాసు చాపిన చేతికి, చూపుడువేలు మీద అదే రంగు ప్లాస్టరు.

టెస్టరు గ్లాసు అందుకుంది. తాగుతూ గ్లాసు అంచు మీదుగా ఆమె ముఖం చూసింది. అమ్మగారు ఆమెను చూడటం లేదు. విప్పి వేలాడుతున్న రేడియోను చూస్తోంది.

"అది బాగవకుండా ఉండదా?" అంది చాలా చిన్నగా.

"ఏమిటండీ?"

వంటింట్లో బెల్లు మోగింది. పొడుగ్గా ఒకసారి, పొట్టిగా రెండుసార్లు. అమ్మగారు ఖాళీ గ్లాసు కూడా తీసుకోకుండా లోపలికి పరుగెత్తింది.

ఆ బెల్లు బిగించింది టెస్టరే, రెండేళ్ళ కింద. పైగదిలో బల్ల కింద మీట, వంటింట్లో గంట. ప్లీడరు గారు అప్పుడు మెచ్చుకుని, "మనిషిని అరిచి పిలవడం నాకు ఇష్టం ఉండదు" అన్నారు. మర్యాదగల మనిషి అనుకుంది తను.

నిరుడు ఇదే కారుకు రేడియో బాగుచేసినప్పుడు అమ్మగారు పక్కనే నిలబడి అడిగింది, ఇన్ని వైర్లు ఎలా గుర్తుంటాయి అని. అడిగేవాళ్ళు దొరకడమే అరుదు కాబట్టి తను పాఠం చెప్పినట్టు చెప్పింది. "ఇదిగోండి, ఈ నీలం ఉందే, ఇది తెగితే రేడియో పాడుతుంది గానీ కమ్మీ లేవదు." ఈ ముక్క ఈ ఇంట్లో ఇంకెవరికీ చెప్పలేదు.

డ్రైవరు కారు తుడుస్తున్నట్టు దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, ఎలుక అని చెప్పు."

"నీకు తెలుసా బాబాయ్?"

"నాకేం తెలుసు? నేను ఆ వేళకి గోడ వెనక అన్నం తింటుంటాను."

"తెలిసి మాట పడుతున్నావా?"

ఆయన అద్దం మీద లేని మరకను రుద్దాడు. "ఆయన నిద్రపోయేది గంట. ఆ గంటే ఆవిడ కూర్చునేది. ఒకసారి కునుకు పట్టింది, రేడియో ఆగలేదు, బ్యాటరీ పోయింది. దానికేం చేస్తాం? నేను కుక్కనే లేపి పంపిస్తాను గానీ, ఆవిడను దిగండి అనమంటావా?"

"పని పోతుంది బాబాయ్."

"ఇంకా పోలేదుగా. ఎలుక అను."

కిటికీలోంచి గొంతు వచ్చింది. "ఏమిటి తేలింది?"

టెస్టరు ప్లాస్టరున్న ముక్కను కత్తిరించేసి, రెండు కొసలూ ఒలిచి, కలిపి మెలేసింది. వెనక రెక్కలో మోటారు గుర్రుమంది. కమ్మీ జానెడు లేచింది. "లేచింది, లేచింది!" అన్నారు ప్లీడరు గారు చిన్నపిల్లాడిలా. అంతే. అక్కడ ఆగిపోయి, లోపల టకటకటకమని పళ్ళు జారుతున్న చప్పుడు. ఆమె గభాలున రేడియో ఆపింది. కమ్మీ మాత్రం జానెడు ఎత్తున అలాగే ఉండిపోయింది, బడిలో సగం చెయ్యెత్తి భయపడ్డ పిల్లలాగా.

"నెల రోజులు కదలకపోయేసరికి దుమ్ము పట్టి బిగుసుకుందండి. కమ్మీని తోసే ప్లాస్టిక్ తాడుకు పళ్ళుంటాయి. అవి అరిగిపోయాయి. వేరేది వెయ్యాలి."

"మరి మొదట లేవకపోవడం?"

"ఎలుక కొరికిందండి. వైరు."

"ఎలుక," అన్నారాయన. ఆ మాటను నోట్లో తిప్పి చూసుకున్నట్టు ఇంకోసారి అన్నారు. "శనివారం పదింటికి నా ముందు లేవాలి. దించాలి. లేపాలి."

శుక్రవారం పొద్దున్నే ఆమె పాత కార్ల సామాను అమ్మే దొడ్డికి పోయింది. చక్రాల్లేని కార్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. దొడ్డి యజమాని ఆమెను చూడగానే, "ఏం టెస్టరమ్మా, ఎవరి శవానికి ఎవరి కాలు?" అన్నాడు.

"కాలు కాదు, వెన్నుపూస. పళ్ళున్న తాడు కావాలి, కమ్మీతో సహా."

గంటన్నర వెతికితే, తలుపులు ఊడిన ఒక నల్ల కారులో దొరికింది. నట్టు విప్పి కమ్మీని లాగితే, తెల్లటి తాడు పాములా మెలికలు తిరుగుతూ వచ్చింది. గోటితో పళ్ళను ఒక్కొక్కటీ తడిమి చూసింది. ఒక్కటి కూడా అరగలేదు. ఆ కారు వాళ్ళు రేడియో పెద్దగా వినేవాళ్ళు కాదు కాబోలు.

మధ్యాహ్నానికి ప్లీడరు గారింట్లో డిక్కీలో సగం ఒళ్ళు దూర్చి ఉంది. పాత కమ్మీ బయటికొచ్చింది గానీ, తాడు లోపలే తెగి మూరెడు ముక్క మోటారు పక్క డబ్బాలో చుట్టుకుని ఉండిపోయింది. డబ్బా మూత మూడు మరలూ విప్పి, పట్టకారుతో ఆ ముక్కను కొంచెం కొంచెంగా లాగింది. లోపలి ముద్దకట్టిన పాత గ్రీజు గుడ్డతో తుడిచింది. కమ్మీకి మాత్రం గ్రీజు పూయలేదు. గ్రీజు దుమ్మును పిలిచి కూర్చోబెడుతుంది.

ఇక కొత్త తాడు. పళ్ళు మోటారు చక్రం వైపు ఉండేలా దూర్చాలి. రేడియో ఆపగానే చక్రం ఆ పళ్ళను అందుకుని కమ్మీని లోపలికి గుంజుకుంటుంది. పళ్ళు అవతలి వైపుకు తిప్పి దూరిస్తే చక్రం ఊరికే తిరుగుతుంది. పైన చూసేవాడికి అన్నీ సరిగ్గానే ఉంటాయి. కమ్మీ మాత్రం ఇక జన్మలో లేవదు.

ఆమె తాడు కొసను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఇటు తిప్పింది. అటు తిప్పింది. అటే ఉంచి కొంచెంసేపు కూర్చుంది.

లేవకపోతే ఆయన ఇంకో మెకానిక్కుని పిలుస్తాడు. ఆ మెకానిక్కు పళ్ళు చూసి నవ్వుతాడు. డ్రైవరు ఎలాగూ పోతాడు. ఈ లెక్కలన్నీ నిజమే. కానీ వాటి వల్ల కాదు ఆమె కొసను మళ్ళీ ఇటు తిప్పింది. పాడుగా పెట్టడం చేతికి రాలేదు. అంతే.

"రేడియో ఆపు బాబాయ్!" అని కేక వేసింది. తాడు ఆమె వేళ్ళలోంచి జర్రున జారి లోపలికి పోయింది. నట్టు బిగించింది. "ఇప్పుడు పెట్టు!" కమ్మీ ముక్క మీద ముక్కగా, ఆగకుండా, తడబడకుండా నిలువునా లేచింది. డ్రైవరు దాన్ని చూసి, "బాగా చేశావమ్మాయ్," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే ఆమెకు గుచ్చుకుంది.

చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి పోయింది. తను బిగించిన గంట గోడ మీద తెల్లగా ఉంది. దాని కింద అర. బెల్లు బిగించిన రోజు ఆ అర మీద చిన్న రేడియో ఉండటం, తను నిచ్చెన మీద ఉండగా అమ్మగారు దాని గొంతు కొంచెం పెంచడం గుర్తుంది. ఇప్పుడక్కడ పప్పు డబ్బాలున్నాయి.

అమ్మగారు బీన్సు తుంచుతోంది.

"అయిపోయిందా?"

"అయిందండి. లేస్తోంది."

తుంచే వేళ్ళు ఆగాయి. "అతన్ని పంపించేస్తారా?"

"రేపు తేలుస్తారట."

"నేను..." అంది అమ్మగారు.

గంట మోగింది. పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు. ఆమె లేచి చీర కుచ్చెళ్ళలోంచి బీన్సు నారలు దులుపుకుని మెట్లెక్కింది. టెస్టరు కుళాయి కట్టేసి ఆ గంట వైపు చూస్తూ నిలబడింది. రెండు మరలు. తనే బిగించింది. విప్పితే అర నిమిషం పని.

శనివారం పదింటికి ప్లీడరు గారు కోర్టు కోటు వేసుకునే దిగొచ్చారు. అమ్మగారు గుమ్మం దగ్గర, గిన్నెలు తోమే మనిషి ఆవిడ వెనక, డ్రైవరు బానెట్టు పక్కన. ప్రహరీ అవతల ఇస్త్రీ ఆవిడ బండిని సరిగ్గా అక్కడే ఆపుకుని, బొగ్గులు విసురుకుంటోంది.

"పెట్టు," అన్నారు ప్లీడరు గారు.

లేచింది.

"ఆపు."

దిగింది.

"పెట్టు. ఉండనీ."

లేచి నిలబడింది. రేడియోలో ఏదో పాత పాట సగం నుంచి వస్తోంది. గరగర ఒక్క ముక్క లేదు. ఆయన కిటికీ వైపు ఒకసారి, కమ్మీ కొస వైపు ఒకసారి చూసి, దూరం కొలుచుకున్నట్టు తలూపారు. "శభాష్. తీసిన సామాను చూపించు."

తీసిన ప్రతి ముక్కా యజమానికి అప్పగించడం తండ్రి నేర్పిన పద్ధతి. రేపు ఎవరూ నా వస్తువు కాజేశావనకూడదు. ఏ బండి పని పట్టినా ముందు ఒక రేకు డబ్బా పక్కన పెట్టుకుంటుంది. తీసింది తీసినట్టు అందులో పడేస్తుంది. ఇరవై ఏళ్ళ అలవాటు. చెయ్యి చేస్తుంది గానీ బుర్ర చేసే పని కాదు. ఆ చెయ్యే ఇప్పుడు డబ్బాను బానెట్టు మీది గుడ్డపై బోర్లించింది. వంగిన పాత కమ్మీ పడింది. పళ్ళూడిన తాడు పడింది. పాత నట్టు దొర్లింది. ఆఖర్న, డబ్బా అడుగుకు అంటుకున్నది కొంచెం ఆలస్యంగా ఊడి పడింది. గురువారం కత్తిరించి తీసిన నీలం వైరు కొస. దాని మీద ప్లాస్టరు.

చూసిన మరుక్షణం ఆమె చెయ్యి దాని మీదికి పోయింది. ప్లీడరు గారి చెయ్యి ముందు చేరింది.

ఆయన దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి వెలుతురుకు పట్టుకున్నారు. తొందరపడలేదు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు.

"ఎలుక అన్నావు."

"అవునండి."

"కొరికాక పాపం రక్తం కారుతుందేమోనని ప్లాస్టరు కూడా వేసింది."

ప్రహరీ అవతల విసురుడు ఆగింది.

"నిన్నేమీ అనను. పని తెలిసిన మనిషివి. జాలిపడి అబద్ధమాడావు, అంతే." ఆయన డ్రైవరు వైపు తిరిగారు. గొంతు పెంచలేదు. "పదకొండేళ్ళు. నా కారులో కూర్చుని, నా రేడియో విని, నాకు కనపడకుండా నా కారు వైరే కోశావు. విన్నందుకు కాదు. కోసినందుకు. ఏమన్నా చెప్పుకునేది ఉందా?"

గుమ్మం వైపు చూడకుండా ఉండటానికి డ్రైవరు మెడ బిగబట్టాడని టెస్టరుకు మాత్రం తెలిసింది. జేబులోంచి తాళాలు తీసి, నిన్న అమ్మగారు బీన్సు తుంచినంత నెమ్మదిగా, ఇంటి తాళం ఒకటి విడిగా తీసుకుని, మిగతా గుత్తి బానెట్టు మీద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు. మడత పెట్టిన తుడుపుగుడ్డ దాని పక్కన పెట్టాడు.

"సార్," అంది టెస్టరు. "కోసింది ఆయన కాదు."

"మరెవరు?"

బోనులోంచి ఒకరిని దించాలంటే ఇంకొకరిని ఎక్కించాలి. ఆయన జవాబు కోసం కళ్ళజోడు మీదుగా చూస్తున్నారు. సాక్షులు తడబడటం ఆయనకు కొత్త కాదు.

"నేను," అంది అమ్మగారు.

మెట్లు దిగి వస్తోంది. చెప్పులు లేవు. చూపుడువేలు మీది ప్లాస్టరు రెండో చేత్తో పీకుతోంది. సగం ఊడి వేలాడుతోంది.

"నువ్వేమిటి? నువ్వు లోపలికి పో."

"పాటలు వినేది నేను. బ్యాటరీ పోగొట్టింది నేను. ఆ రోజు కమ్మీ చూసి మీరు అతన్ని తిట్టారు. ఇంకోసారి తిట్లు తినకూడదని వైరు నేనే కోశాను. వంటింటి కత్తెరతో." ఆమె తాళాల గుత్తి తీసి డ్రైవరు వైపు చాపింది. ఆయన అందుకోలేదు. ఆమె చాపిన చెయ్యి అలాగే ఉంచింది.

ప్లీడరు గారు మొదట నవ్వబోయారు. గిన్నెలు తోమే మనిషి ముఖం చూసి మానుకున్నారు. చేతిలోని వైరు ముక్కను ఏం చెయ్యాలో తెలియక కోటు జేబులో వేసుకున్నారు. కారులో పాట ఇంకా నడుస్తోంది. కమ్మీ కొస ఎండలో మెరుస్తోంది.

"మతి ఉందా నీకు?" అన్నారు. ఇప్పుడు గొంతు పెరిగింది. "పాటలు వినాలంటే ఇంట్లో రేడియో లేదా? దొంగలా వచ్చి కారులో కూర్చోవాలా?"

"ఉండేది. పెడితే మీ బెల్లు వినపడటం లేదని మీరే తీయించారు."